చేట పట్టిన హెచ్‌ఆర్ సారు

మా హెచ్‌ఆర్ సారు పోయారు. పార్వతీపురం నుంచి ఆయన కూతురు ఫోన్ చేసేసరికి నేను అరకులో, మా కాఫీ షెడ్డులో, మెషిన్ దగ్గర ఉన్నాను. ఆ మెషిన్ వల్ల నా పని పోవాల్సింది. పోలేదంటే ఆయన చలవే.

అప్పట్లో మేం ఇరవై మంది ఆడవాళ్లం చేటలతో కాఫీ గింజలు ఏరేవాళ్లం. రంగు చూసి గింజలు వేరుచేసే మెషిన్ వస్తోందన్నారు. దానికంటే ముందు ఈయనొచ్చారు, మార్పు గురించి మాకు క్లాసు చెప్పడానికి. ఏ రోజు పెట్టారనుకున్నారు? సంత రోజు! ఒక్కరం వెళ్లలేదు. ఖాళీ కుర్చీలతో కాసేపు కూర్చుని, మహానుభావుడు సంతకే వచ్చేశారు. నేను అల్లం అమ్ముతున్నాను.

"మమ్మల్ని ఇంటికి పంపీడానికొచ్చిన సారు మీరేనేటి?" అని అడిగేశాను. నాకు నోరెక్కువ.

ఆయనకు కోపం రాలేదు. "మెషిన్ రాక తప్పదమ్మా, నేను ఆపలేను. మీరు ఉండాలో పోవాలో ఇంకా తేలలేదు. ముందు మీ పని నాకు చూపించు" అన్నారు.

మర్నాడు చేట పట్టుకుని మా మధ్య గోనెపట్టా మీద చతికిలబడ్డారు. అబ్బో, ఏం ఏరడం! "ఏటి సారూ, పుచ్చులన్నీ మంచివాట్లో ఏసేత్తన్నారు!" అని మాలో పెద్దావిడ నెత్తి కొట్టుకునేది. వారం రోజులు ఆవిడ చేత తిట్లు తిన్నారు. ఆ వారంలోనే ఒకటి కనిపెట్టారు. ఆవిడ ప్రతి గుప్పెడూ వాసన చూసి, నిగనిగలాడే గింజలు కూడా కొన్ని పారేసేది.

"అవెందుకమ్మా?"

"పులిసిపోనాయి బాబూ. కంటికి తెల్దు."

మెషిన్ వచ్చాక సారు మేనేజరు ముందు రెండు కప్పుల కాఫీ పెట్టించారు. ఒకటి మెషిన్ మాత్రమే ఏరిన గింజలది. రెండోది ఆ తర్వాత పెద్దావిడ కూడా వాసన చూసి ఏరినది. మొదటి కప్పు ఒక్క గుక్కకే మేనేజరు మొహం చిట్లించారు. మెషిన్ ఏరాక వాసన చూసి ఏరడానికి మేమూ కావాలని తేలి, మమ్మల్ని తీసేసే కాగితం అక్కడే ఆగిపోయింది.

తర్వాత మెషిన్ నడపడం నాకు నేర్పించారు. తప్పు మీట నొక్కి నేను ఏడుస్తుంటే పక్కన స్టూలు వేసుకుని కూర్చునేవారు. "భయపడ్డవాళ్లకి క్లాసు చెప్పకూడదమ్మా, పక్కన కూర్చోవాలి" అనేవారు. కొత్తగా వచ్చే ఆడపిల్లలకు నేనూ ఇప్పుడు అలాగే నేర్పుతున్నాను. నోరు మాత్రం తగ్గలేదు.

రిటైరైన రోజు శాలువా వద్దని, చేట అడిగి పట్టుకెళ్లారు.

పార్వతీపురం వెళ్లాను. వంటింట్లో ఆ చేట ఉంది, అందులో బియ్యం. "రోజూ నాన్నే ఏరేవారు, పోయిన రోజు సగంలో లేచారు" అంది కూతురు. అక్కడే కింద కూర్చుని మిగతా సగం ఏరాను. ఆయన ఏరిన సగం కూడా మళ్లీ ఏరాల్సి వచ్చింది.