కుందేలు గొంతు

పిల్లల వీడియో క్యాసెట్ల కంపెనీలో ఆమె ఇరవై ఏళ్లు గొంతు అరగదీసుకుంది. కుందేలుకీ కాకికీ ఏనుగుకీ మాటలు చెప్పింది ఆమే. అట్ట మీద మాత్రం ఒక్కసారీ ఆమె పేరు వేయలేదు. పైగా యజమాని పిసినారితనంతో అసలు టేపులు చెరిపేసి, వాటి మీదే కొత్త కథలు ఎక్కించాడు.

ఇప్పుడు కంపెనీ చరిత్రను సినిమాగా తీస్తున్నారట. మొదటిదైన కుందేలు కథ క్యాసెట్ ఆమె ఇంట్లో తప్ప ఎక్కడా మిగల్లేదు. మేనేజరు గుమ్మంలో నిలబడి పళ్లికిలించాడు.

"ఆ కుందేలు క్యాసెట్ ఇవ్వండమ్మా. మన పరువు మీ చేతుల్లో ఉంది."

"ఇస్తా. నా పేరు వేస్తారా?"

"అయ్యో, గొంతు యజమానిగారి భార్యదని రాసేశామే!"

ఆమెకు ఒళ్లు మండిపోయింది.

"అయితే ఆవిడనే కూర్చోబెట్టి కుందేలులా మాట్లాడించుకో బాబూ!" అని అతని ముఖం మీదే తలుపేసింది.