తొట్టిబండి మీద నా ఎడమ కాలు

ఆ రోజు పెబ్బేరు పక్కన ఒక పల్లెలో ప్రార్థన మందిరం ముందు మోటారు సైకిలు ఆపి, లోపలికి పోవడానికి చెప్పులు విడవబోయాను. కుడి కాలికి చెప్పు ఉంది. ఎడమ కాలికి లేదు. వనపర్తిలో బయలుదేరినప్పుడు రెండూ ఉన్నాయి. అది ఏ మలుపులో జారిపోయిందో నాకు తెలియలేదు. మెట్టెక్కబోతే ఎడమ కాలి వేళ్లు గడపకు తగిలి తూలాను.

"ఏంది అయ్యగారూ, ఒక్క చెప్పుతోనే వచ్చిండ్రు. ఇంకోటి కుక్క ఎత్కపోయిందా?" అంది లోపల కూర్చున్న ఒక ముసలమ్మ. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ రోజు ఏ వాక్యం చదివానో, ఏం బోధించానో ఇప్పుడు అడిగితే చెప్పలేను. ఆరాధన కాగానే మందిరం వెనక్కి పోయి పాదం మీద గిల్లి చూసుకున్నాను. బొటనవేలి సందు నుంచి పిక్క బయటివైపు దాకా ఆ చర్మం ఇంకెవరిదో అయినట్టుంది.

నేను సువార్త బోధకుణ్ణి. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు పల్లెలు నా వంతు. యుద్ధానికి ముందు మా మిషను దొర సెలవు మీద తన దేశానికి పోతూ, తన మోటారు సైకిలు నాకు అప్పగించాడు. దానికి ఎడమ పక్కన సైడ్‌కారు ఉండేది కనుక జనం దాన్ని తొట్టిబండి అనేవారు. తొట్టిలో పుస్తకాలు, మందుల పెట్టె పెట్టుకుని, వారానికి ఐదు రోజులు దాని మీదే తిరిగేవాణ్ణి. దొర ఆరడుగుల మనిషి. నేను ఆయన భుజం దాకా కూడా రాను. కాలు పెట్టే పలక ఆయన కొలతకు బిగించింది, నాకు అందేది కాదు. కాలు చాపి చాపి నడుము నొప్పి పుట్టేది. అందుకని నేనే ఒక ఉపాయం కనిపెట్టాను. ఎడమ కాలు వెనక్కి లాగి, మడిచిన గోనెసంచి మీద పెట్టి, మోకాలిని పక్కకు వాల్చి, తొట్టిని బండికి కలిపే ఇనుప కడ్డీకి ఆనించేవాణ్ణి. ఎంత దూరం పోయినా నడుము నొప్పి లేదు. ఆ సుఖానికి దేవునికి స్తోత్రం కూడా చెప్పుకున్నాను.

స్పర్శ లేని చర్మానికి మా వైపు ఒక్కటే పేరు. కల్వకుర్తి సంతలో అంగళ్లకు దూరంగా, వేళ్లు లేని చేతులతో కూర్చునే వాళ్లను చూసి జాలిపడిన వాణ్ణి. కుష్ఠరోగులను గురించి ఎన్నోసార్లు బోధించిన వాణ్ణి. అలాంటి నేను, నా కాలి సంగతి మూడు వారాలు ఎవరికీ చెప్పలేదు. చెబితే రోగుల ఆశ్రమానికి పంపిస్తారు. నా భార్య రూతమ్మ, రెండేళ్ల బిడ్డ ఇక్కడ, నేను అక్కడ. బిడ్డను ఎత్తుకోవడం మానేశాను. వేరే కంచంలో తిన్నాను. అడిగితే ఉపవాసమనో, అలసటనో ఏదో ఒకటి చెప్పాను.

గద్వాలకు పోతూ కృష్ణ దాటే చోట, పడవ వచ్చేలోపు నీళ్లలోకి దిగి ఏడుసార్లు మునిగాను. బైబిలులో యొర్దాను నదిలో ఏడుసార్లు మునిగి, కుష్ఠు పోయి శుద్ధుడైన సేనాధిపతికి జరిగింది నాకెందుకు జరగదనుకున్నాను. ఏడోసారి లేచి పాదం గిల్లి చూసుకున్నాను. ఏమీ మారలేదు.

"ఏందయ్యా, మొక్కు ఉన్నదా?" అని అడిగాడు పడవవాడు.

"ఎండకు తాళలేక," అన్నాను. దేవుని పేరు మీద మునిగి, ఆ నీళ్లు ఆరకముందే అబద్ధమాడాను.

తర్వాతి ఆదివారం మా సంఘంలో ప్రభువు బల్ల, అంటే రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ఆరాధన. మాది ఒకే గిన్నె. అందరూ దాని అంచుకే నోరు పెట్టి తాగాలి, దాన్ని అందించేది నేనే. ఆ రోజు సంఘపెద్ద దావీదన్నను అందించమని చెప్పి, వెనక వరసలో కూర్చున్నాను. గిన్నె నా దగ్గరికి వచ్చినప్పుడు తల అడ్డంగా ఊపాను. మా సంఘంలో గిన్నె ముట్టనివాడంటే ఒప్పుకోని పాపమున్నవాడని అర్థం. ఆ సంగతి నాకు గుర్తే లేదు. సంఘానికి మాత్రం బాగా గుర్తుంది. మరునాటికల్లా, అయ్యగారికి పెబ్బేరులో ఎవరో ఒకామె ఉందని మా వాడంతా తెలిసిపోయింది.

రూతమ్మ బియ్యం చెరుగుతూ, చేట ఆపకుండానే అడిగింది. "పెబ్బేరుల ఎవరున్నరు?"

"ఎవ్వరు లేరు."

"మరి గిన్నె ఎందుకు ముట్టలే? బిడ్డను ఎత్తుకుంటలేవ్. నా కంచం దిక్కు చూస్తలేవ్. నేనేమన్న గుడ్డిదాన్నా?"

నేను కాలు చాపాను. "గిల్లు," అన్నాను.

ఆమె గిల్లి నా ముఖం చూసింది. గోరు దిగేలా మళ్లీ గిల్లింది. చుక్క రక్తం వచ్చింది. నాకు ఏమీ తెలియలేదు.

"గింతేనా? నేను ఇంకేందో అనుకున్న," అంది. ఆ తర్వాత చేట పక్కన పెట్టి ఏడ్చింది.

మూడో రోజు ఎడ్లబండిలో నన్ను నాగర్‌కర్నూలు దవాఖానకు తీసుకుపోయింది. డాక్టరమ్మ కళ్లు మూసుకోమని దూదితో, సూదితో తాకుతూ పోయింది. పాదం పైన ఏమీ తెలియలేదు. అరికాలిలో మాత్రం సూది చురుక్కుమంది. "పాదం పైకి లేపు," అంది. లేవలేదు. ఆమె కాంపౌండరు వైపు తిరిగి, "ఫుట్ డ్రాప్," అంది.

నాకు వచ్చిన కొద్దిపాటి ఇంగ్లీషే నన్ను చంపింది. ఫుట్ అంటే పాదం, డ్రాప్ అంటే రాలిపోవడం. ఎప్పుడు రాలుతుందోనని పాదాన్ని రెండు చేతులతో పట్టుకున్నాను. పాదం వేలాడిపోవడాన్ని అలా అంటారని నాకు కాంపౌండరు తర్వాత చెప్పాడు.

రోగం క్రిములు ఉన్నాయేమో చూడడానికి చెవి తమ్మె గీరి స్మియర్ తీశారు. "లెప్రసీ కావచ్చు, కాకపోవచ్చు. వారం ఆగి రా," అంది డాక్టరమ్మ.

వారం తర్వాత నన్ను వేరే షెడ్డులో, కుష్ఠురోగులు కూర్చునే బల్ల మీద కూర్చోబెట్టారు. పక్కన అమ్రాబాద్ వైపు నుంచి వచ్చిన ఒకామె, చేతులకు గుడ్డలు చుట్టుకుని ఉంది. నేను ఆమెకు తగలకుండా జరిగాను. అది చూసి, "జరుగు జరుగు. నేనూ మొదటిసారి గట్లనే జరిగిన," అంది.

స్మియర్ నెగెటివ్ వచ్చింది. నేను స్తోత్రం అనబోతుంటే డాక్టరమ్మ చెయ్యెత్తి ఆపింది. "అప్పుడే వద్దు. ఒక్క నరానికే వచ్చే రకమైతే స్మియర్‌లో కనబడదు." మోచేతుల దగ్గర, మెడ దగ్గర నరాలు తడిమి చూసింది. చివరికి ఎడమ మోకాలి కింద, బయటివైపు గుబ్బలాంటి ఎముక మీద నల్లగా కాయకాచిన చోట వేలు పెట్టింది. "ఇక్కడ ఏం ఒరుసుకుంటోంది?"

"ఏమీ లేదమ్మా."

"రోజంతా ఏం చేస్తావు?"

"మోటారు సైకిలు నడుపుతాను."

"ఎలా కూర్చుంటావో చూపించు."

స్టూలు మీద కూర్చుని, నాకు అలవాటైనట్టు ఎడమ కాలు వెనక్కి లాగి మోకాలు వాల్చాను. అది పక్కనున్న ఇనుప మంచం కోడుకు ఆనింది. ఆమె నా మోకాలిని, ఆ కోడును మార్చి మార్చి చూసింది. వంగి ఆ కాయ మీద వేలితో కొట్టింది. పాదం దాకా ఝల్లుమంది. నెల తర్వాత ఆ పాదం పైన నాకు తెలిసిన మొదటి సంగతి అది.

"నీకు సుఖంగా ఉన్న చోటే నరం నలిగిపోయింది. కుష్ఠులా లేదు," అంది.

నేను బయటికి వచ్చి, "ప్రభువు నన్ను కాపాడాడు," అని గట్టిగానే అన్నాను. బల్ల మీది ఆమె తలెత్తింది. "మరి నన్నెందుకు కాపాడలేదంటవ్ అయ్యా?"

పదేళ్ల వయసు నుంచి వాక్యం చదువుతున్నాను. అయినా ఆమె ముఖం చూడకుండా కాలు ఈడ్చుకుంటూ ముందుకు నడిచాను.

కాలికి చెక్క స్ప్లింట్ కట్టారు. రెండు నెలలు బండి ఎక్కవద్దన్నారు. ఆదివారం సంఘం ముందు నిలబడి సంగతంతా చెప్పాను. దావీదన్న తల గోక్కుంటూ, "ముందే చెప్పొద్దా అయ్యా. పెబ్బేరు ఆడోళ్లందర్ని అనుమానపడితిమి," అన్నాడు.

రెండు నెలలు గడిచినా పాదం లేవలేదు. "ఇంకో రెండు నెలలు చూద్దాం. రాకపోతే మళ్లీ స్మియర్ తీస్తాను," అంది డాక్టరమ్మ. ఆ మాటతో పోయిన భయమంతా తిరిగి వచ్చింది. ప్రార్థనలో మోకరించినా నా ధ్యాస పాదం మీదే ఉండేది. నాలుగో నెలలో రూతమ్మ పిక్కకు నూనె రాస్తూ ఆగింది.

"కదిలించినవా?"

"లేదు."

"వేలు కదిలింది. మల్ల చెయ్యి."

మళ్లీ చేశాను. కదిలింది.

ఇది జరిగి మూడేళ్లు దాటింది. ఇప్పుడు మళ్లీ అదే బండి నడుపుతున్నాను. కమ్మరి ఆ పలకను నా కొలతకు నాలుగు వేళ్లు వెనక్కి బిగించాడు. మోకాలు నిటారుగా ఉంటుంది, ఇనుముకు తగలదు. అలసిన రోజు ఎడమ పాదం ఇప్పటికీ నేలకు టపటప కొట్టుకుంటుంది. నా సాక్ష్యంలో, కుష్ఠు నుంచి దేవుడు నన్ను తప్పించాడనే మాట అనడం మానేశాను. ఆ షెడ్డుకు నెలకోసారి పోయి, ఆ బల్ల మీదే కూర్చుని వాక్యం చదువుతాను. ఆమె అడిగిన దానికి జవాబు ఇంకా దొరకలేదు.

దూరాలు బండి నడిపేవారికి నేను చెప్పేది ఒక్కటే. రెండు కోసులకోసారి, అంటే నాలుగు మైళ్లకోసారి, దిగి, పాదం పైకెత్తి చూసుకోండి. లేవకపోతే, చర్మం తిమ్మిరిగా ఉంటే, ఏ పేరుకు భయపడుతున్నారో ఆ పేరే ఇంట్లో చెప్పి, అదే రోజు దవాఖానకు పోండి. మొదటి రోజే వచ్చి ఉంటే నాకు వారం పది రోజుల్లో తగ్గిపోయేదని డాక్టరమ్మ అంది. నేను దాచిన ఆ మూడు వారాలూ, అదే కడ్డీకి అదే మోకాలు ఆనించి బండి నడిపాను.