ఇనప గుండులో రెండో కుర్చీ

గ్రీసులోని కాలిమ్నోస్ దీవిలో సకెల్లారిస్ అంటే తెలియనివాళ్ళు లేరు. సముద్రం అడుగున రాళ్ళ మీద పెరిగే స్పాంజిలు కోసే మనిషి ప్రతి ఇంట్లోనూ ఉండే ఊళ్ళో కూడా అతని పేరు విడిగా వినిపించేది. తలకు ఇత్తడి టోపీ బిగించుకుని, పడవలోంచి గొట్టంలో దిగే గాలి పీలుస్తూ, అతను నీళ్ళడుగున నడుస్తుంటే సొంత పెరట్లో తిరుగుతున్నట్టు ఉండేదని తోటివాళ్ళు చెప్పుకునేవారు. నేల మీద మాత్రం మనిషి కాస్త మొద్దు. పెళ్ళిళ్ళలో అడుగు కలపడం రాదు, కాఫీ కొట్టులో నోరు పెగలదు. "నీ మొగుణ్ణి మళ్ళీ నీళ్ళల్లో పారెయ్యవే సెవస్తీ, అక్కడైతే మాట్లాడతాడేమో!" అని ఇరుగుపొరుగు ఆడవాళ్ళు అతని భార్యను ఆటపట్టించేవారు.

ఒక ఏడాది ఈస్టర్ వెళ్ళాక, పడవలు ఆఫ్రికా తీరానికి బయలుదేరే రోజుల్లో, ఏథెన్స్ నుంచి క్లెయాంథిస్ వర్దాస్ వచ్చాడు. అప్పటికి అతను ఒకే ఒక్క సినిమా తీసిన కుర్రవాడు. నీళ్ళలో పనిచేసే కెమెరా ఒకటి తయారు చేయించుకున్నాడు. దాన్ని లోతుకు మోసుకెళ్ళి చెయ్యి వణక్కుండా పట్టుకునే మనిషి కావాలి. కాఫీ కొట్టులో అందరూ మూల బల్ల దగ్గర ఒంటరిగా కూర్చున్న సకెల్లారిస్‌ను చూపించారు.

"కింద భయమెయ్యదా?" అని అడిగాడు క్లెయాంథిస్.

"పైకి రావాలంటే వేస్తది" అన్నాడు సకెల్లారిస్.

క్లెయాంథిస్ పకపకా నవ్వి అతన్ని గట్టిగా వాటేసుకున్నాడు. ఆ నవ్వుతోనే ఇద్దరూ ఒకరికొకరు చిక్కారు.

తర్వాతి ఏళ్ళలో క్లెయాంథిస్ పేరు దేశాలు దాటింది. బహుమతులొచ్చాయి, పత్రికల్లో బొమ్మలొచ్చాయి. నగరంలో ప్రేమకథలు తీశాడు, యుద్ధం కథ తీశాడు. జనం టిక్కెట్ల కోసం తోసుకున్నారు. కానీ అతని మనసు వాటిలో లేదు. ఒక్కో సినిమా ఆడగానే ఆ రాబడితో పడవ తీసుకుని దీవికి వచ్చేసేవాడు. సెవస్తి చేసిన ఆక్టోపస్ వడలు తింటూ, "అదంతా కూలిపనమ్మా. నా అసలు పని ఇక్కడుంది" అని కిటికీలోంచి సముద్రాన్ని చూపించేవాడు. "చేపల కోసం సినిమాలు తీసే దర్శకుడు" అని ఏథెన్స్‌లో వెక్కిరించేవారట. ఆ మాట తనే చెప్పి మురిసిపోయేవాడు.

సకెల్లారిస్‌కు సినిమాల సంగతి పట్టదు. ఈ పెద్దమనిషి తనను "తమ్ముడూ" అని పిలవడం, కిందికి దిగే ముందు తన టోపీ మరలు స్వయంగా బిగించడం, పైకి వచ్చాక "ఏం చూశావు, చెప్పు, అన్నీ చెప్పు" అని పిల్లాడిలా వెంటబడడం, ఇవి చాలు. పుట్టి బుద్ధెరిగాక అతని మాట కోసం ఎవరూ అలా కాచుకు కూర్చోలేదు.

అయిదో సినిమాకు ఒక లోతైన గండి దగ్గర పని జరుగుతోంది. గోడలాంటి రాతి మీద నల్ల పగడాలు, కింద ఒక పాత ఓడ విరిగిన నడుము. ఆరోజు అప్పటికే సకెల్లారిస్ రెండుసార్లు దిగి వచ్చాడు. సూర్యుడు మబ్బులోంచి బయటపడ్డాడు. "ఇంకొక్కసారి, తమ్ముడూ. ఈ వెలుగు మళ్ళీ దొరకదు" అన్నాడు క్లెయాంథిస్. పడవ కెప్టెన్ థెమెలిస్ వద్దని తల ఊపాడు. సకెల్లారిస్ టోపీ పెట్టమన్నాడు.

పైకి వచ్చి, బల్ల మీద కూర్చుని, సిగరెట్టు సగం కాల్చాక నడుములో ఏదో చిటుక్కుమంది. లేవబోతే కాళ్ళు లేవలేదు. లోతుకు పదే పదే దిగినవాళ్ళ కాళ్ళు చచ్చుబడే ఆ జబ్బును మా దీవిలో పేరు పెట్టి పిలవరు; టోపీ, గాలి గొట్టం కలిపి యంత్రం గనక "యంత్రం కొట్టింది" అంటారు, అంతే. క్లెయాంథిస్ అతన్ని రెండు చేతులా ఎత్తుకుని రేవు నుంచి ఇంటిదాకా ఏడుస్తూ మోసుకొచ్చాడు. సెవస్తి తలుపు తీసి, మొగుడి వేలాడే పాదాలు చూసి, "అక్కడ పడుకోబెట్టి నువ్వు వెళ్ళు" అంది.

ఆ మూడోసారి దిగి తీసిన దృశ్యాన్నే లోకమంతా మెచ్చుకుంది.

క్లెయాంథిస్ మాత్రం వదిలిపెట్టి పోలేదు. డాక్టర్లను పంపించాడు, ప్రతి ఈస్టర్‌కూ వచ్చాడు. ఒకసారి మంచం పక్కన కూర్చుని, దుప్పటి మీద వేలితో గుండ్రంగా గీశాడు. "ఇనప గుండు ఒకటి కట్టిస్తున్నా. ఎంత లోతుకైనా పోతుంది. అందులో టోపీ అక్కర్లేదు, కాళ్ళు అక్కర్లేదు. రెండు కుర్చీలుంటాయి. రెండోది నీది."

సకెల్లారిస్ అతని చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

ఆ ఎండాకాలమే కెప్టెన్ థెమెలిస్ వచ్చాడు. "నీళ్ళల్లో కాళ్ళతో పనేముందిరా? మా మేనమామ కర్రల మీద పడవెక్కేవాడు, అడుగున కుర్రాడిలా నడిచేవాడు. నిన్ను భుజానేసుకెళ్ళి నేను దింపుతా, రా."

అది నిజమే. యంత్రం కొట్టిన వాళ్ళు ఎందరో అలా మళ్ళీ దిగారు. సకెల్లారిస్ గుండె ఒక్క గంతు వేసింది. కానీ క్లెయాంథిస్ ముందే చెప్పి ఉన్నాడు: "ఇంకో దెబ్బ తగిలితే డాక్టర్లు నిన్ను గుండులోకి రానివ్వరు. నా కోసం ఒళ్ళు కాపాడుకో."

"నేను ఆగాలి, కెప్టెన్" అన్నాడు.

ఆగాడు. గుండు కట్టడం ఏళ్ళ తరబడి సాగింది. నిర్మాతలు తప్పుకున్నారు, ఒకసారి అద్దం పగిలింది, ఒకసారి క్లెయాంథిస్ మరో ప్రేమకథ తీసి రావలసి వచ్చింది. సకెల్లారిస్ రేవు వైపు కిటికీ దగ్గర కూర్చుని చేతులతో బరువులు ఎత్తేవాడు. సెవస్తి అతన్ని మంచం మీంచి కుర్చీలోకీ, కుర్చీలోంచి మంచం మీదికీ మార్చీ మార్చీ తన నడుము పోగొట్టుకుంది.

"లేచిపోదామని మాటిచ్చిన పిల్ల కోసం కూర్చున్నట్టు కూర్చున్నావయ్యా ఆ ఇనప గుండు కోసం!" అనేది.

"వస్తుందే."

"వస్తుంది. నన్ను పాడె మీద చూసి పోవడానికి వస్తుంది."

ఈలోగా స్పాంజిలకు తెగులు తగిలి అడుగంతా కుళ్ళింది. పడవలు అమ్ముడుపోయాయి. ఇత్తడి టోపీలు హోటళ్ళ గుమ్మాల్లో అలంకారానికి పెట్టారు. థెమెలిస్ చనిపోయాడు. ఇప్పుడు దింపమని అడుగుదామన్నా దింపేవాడు లేడు.

గుండు చివరికి వచ్చింది. పసుపు రంగు వేసి, పెద్ద ఓడ మీద క్రేనుకు వేలాడదీసి తెచ్చారు. క్లెయాంథిస్ గడ్డం తెల్లబడింది. మాట తప్పలేదు. తనే దగ్గరుండి నలుగురి చేత సకెల్లారిస్‌ను ఎత్తించి, ఇరుకు ద్వారంలోంచి కిందికి దింపించి, రెండో కుర్చీలో పట్టీలు బిగించాడు. కాళ్ళు మడతపెట్టి ఒక మూలకు నెట్టవలసి వచ్చింది. మూత పడింది.

కిందికి దిగుతుంటే ఆకుపచ్చ నీలమైంది, నీలం నలుపైంది. గుండు లోపల నూనె వాసన, ఇద్దరి ఊపిరి ఆవిరి. సకెల్లారిస్ ఎదురుచూస్తున్నాడు. ఒళ్ళు తేలికవుతుందని, నీళ్ళు చంకల కింద చేతులేసి ఎత్తుతాయని, కాళ్ళు ఉన్నా లేకపోయినా ఒకటే అయ్యే ఆ క్షణం వస్తుందని చూస్తున్నాడు. అది రాలేదు. ఇంటి దగ్గర కుర్చీలో ఎంత బరువుగా ఉన్నాడో ఇక్కడా అంతే బరువుగా ఉన్నాడు. పట్టీ భుజాన్ని కోస్తోంది. సముద్రం అద్దం అవతల ఉంది.

"చూడరా తమ్ముడూ, చూడు!" క్లెయాంథిస్ అద్దం వైపు వేలు చూపించాడు. దీపం వెలుగులో తెల్లటి ప్రాణులేవో పూలరేకుల్లా తేలిపోతున్నాయి. "మనం కలగన్నది ఇదే!"

సకెల్లారిస్ అరచెయ్యి అద్దానికి ఆనించాడు. "తడి తగలట్లేదు, అన్నా."

"తడి తగిలిన రోజున మనం ఉంటామా!" అని నవ్వాడు క్లెయాంథిస్.

అప్పుడు తెలిసింది సకెల్లారిస్‌కు. ఇన్నేళ్ళూ ఇద్దరూ ఒకే సముద్రాన్ని కోరుకోలేదు. క్లెయాంథిస్‌కు చూడాలని ఉండేది. తనకు అందులో ఉండాలని ఉండేది. థెమెలిస్ భుజం మీద ఎక్కి ఉంటే అది దొరికేది. ఒక్క ఎండాకాలమైనా, రెండైనా దొరికేది. దాన్ని ఈ ఇనప గది కోసం వదులుకున్నాడు. చెంపల మీద నీళ్ళు కారాయి.

క్లెయాంథిస్ అది చూశాడు. మెల్లగా కెమెరా అతని ముఖం వైపు తిప్పాడు. "అలాగే ఉండు. కదలకు. కొంచెం దీపం వైపు..."

సకెల్లారిస్ కదలలేదు. చెప్పినట్టే తల దీపం వైపు తిప్పాడు.

ఆ సినిమాను మా ఊళ్ళో రేవు దగ్గర తెర కట్టి వేశారు. సకెల్లారిస్ ముఖం తెరంతా నిండినప్పుడు జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. "పిచ్చోడు, ఎంత సంతోషపడ్డాడో చూడండి" అని ఎవరో వెక్కుతూ అన్నారు. క్లెయాంథిస్ ముందు వరుసలోంచి వెనక్కి తిరిగి, అతనికేసి చూసి, గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. సకెల్లారిస్ కూడా వేసుకున్నాడు. నిజం చెప్పి ఆ ముసలాయన మనసు విరచడం అతని వల్ల కాలేదు.

ఇంటికి వచ్చాక ఆ నిజం సెవస్తికి చెప్పాడు, తక్కువ మాటల్లో. ఆమె ఏదో ఒకటి అంటుందనుకున్నాడు. అనడానికి ఆమెకు హక్కుంది. ఆమె అతని చెప్పులు విప్పి, స్పర్శ తెలియని ఆ పాదాలు తన ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు నిమురుతూ కూర్చుంది.

"నా మంచం వెనక గదిలోకి మార్చవే" అన్నాడు.

"అక్కడేముందయ్యా, కొండరాయి తప్ప? సముద్రం కూడా కనపడదు."

"మార్చు."

మరునాడు పక్కింటివాళ్ళను పిలిచి ఆమె మంచం మార్పించింది. క్లెయాంథిస్ పోయినప్పుడు టీవీవాళ్ళు మాట్లాడించడానికి వచ్చారు. సెవస్తి వాళ్ళకు కాఫీ ఇచ్చి, ఆయన పడుకున్నాడని చెప్పి పంపేసింది. అతను మెలకువగానే ఉన్నాడు, రాతి గోడకేసి చూస్తూ. ఆ గదిలోనే ఇంకా చాలా ఏళ్ళు బతికాడు.