సమాధుల పండగకి ఆంటీతో నారాయణగూడ

తొంభైల్లో మేము అశోక్‌నగర్‌లో ఒక మేడ మీద అద్దెకుండేవాళ్ళం. కింది వాటాలో నర్సు ఆంటీ ఒక్కరే ఉండేవారు. అంకుల్ పోయి ఏడాది దాటింది. ఆయన్ని నారాయణగూడ క్రైస్తవుల సమాధుల తోటలో పెట్టారు.

మా ఇంటికి కొత్తగా కేబుల్ వచ్చిన రోజులవి. అక్టోబరు చివర్లో ఒకరోజు టీవీలో పిల్లలు దెయ్యాల మాస్కులు పెట్టుకుని ఇంటింటికీ తిరిగి చాక్లెట్లు అడుగుతున్నారు. గుమ్మాల్లో గుమ్మడికాయలకి కళ్ళూ నోరూ కోసి లోపల దీపాలు పెట్టారు. డిగ్రీ చదువుతున్నానన్న మాటే గానీ అదేం పండగో నాకు తెలియలేదు. ఆంటీని అడిగాను.

"హాలోవీన్ అంటరు. మా పరిశుద్ధుల పండగకి ముందురోజు. పరిశుద్ధుల పండగ తెల్లారే సమాధుల పండగ," అన్నారు. "ఎనకట ఐర్లాండ్ దిక్కు పంటలు కోసినంక, చలికాలం వచ్చే ముందు, పోయినోళ్ళు తిరిగొస్తరని మంటలు వేసేటోళ్ళంట. మెక్సికోల అయితే సమాధుల కాడ బంతిపూలు పోసి, పోయినోళ్ళకి ఇష్టమైనవి వండి పెడతరు. నర్సింగ్ చదివేటప్పుడు మాకు పాఠాలు చెప్పే సిస్టరమ్మ చెప్పేది."

"ఇక్కడివాళ్ళు పోయిన పెద్దల పేరు మీద పెత్తరమాస చేస్తారే, అలాగన్నమాట," అంది అమ్మ. కోస్తా నుంచి వచ్చిన అమ్మ ఆ మాట మా ఓనరమ్మ దగ్గర నేర్చుకుంది.

ఆంటీ ముఖం చిన్నబోయింది. "ఈసారి వానలు చూసినవు గద వదినా. తోటంతా నీళ్ళు నిలిచినయంట. ఆయనకింకా రాయి కట్టియ్యలే, ఒట్టి చెక్క సిలువనే. ఉందో పోయిందో. ఒక్కదాన్నే పోవాలంటే కాళ్ళు వస్తలేవు."

"నేనొస్తా ఆంటీ," అనేశాను. ఆడపిల్లలు శ్మశానానికి వెళ్ళడం మా ఇంట్లో లేదు. ఆంటీ ఎదురుగా కాదనలేక అమ్మ ఊరుకుంది.

పండగనాడు చిక్కడపల్లిలో బంతిపూలు, కొవ్వొత్తులు కొనుక్కుని ఆటోలో వెళ్ళాం. శ్మశానమంటే నాకు లోపల్లోపల భయమే. తీరా చూస్తే గేటు దగ్గర జాతరలా ఉంది. కొత్త సున్నం వాసన, పూలబండ్లు, పరుగులు పెట్టే పిల్లలు. నా భయం అక్కడే పోయింది.

ఆంటీ భయమే నిజమైంది. సిలువ లేదు. "ఈ వరసే బిడ్డా, ఈడనే," అంటూ బురదలో అటూ ఇటూ తిరిగారు. ఇటుకలు పేర్చినవీ పేర్చనివీ, అన్ని మట్టికుప్పలూ ఆంటీకి ఒక్కలాగే కనిపించాయి. చివరికి ఒక గట్టు మీద కూలబడి, "మనిషిని పోగొట్టుకుంటి. ఆయన జాగ కూడా పోగొట్టుకున్ననా?" అని ఏడ్చేశారు.

పక్క సమాధికి పూలు కడుతున్న పెద్దాయన దగ్గరికొచ్చాడు. "ఎవర్ని ఎతుకుతున్నరక్కా?"

ఆంటీ అంకుల్ పేరు చెప్పారు. ఆయన గబగబా వెళ్ళి, తాను పూలు కడుతున్న సమాధి వెనకనుంచి ఒక చెక్క సిలువ తీసుకొచ్చాడు.

"వానలకి ఒరిగిపోతే, ఎవరన్న పట్టుకపోతరని మా అమ్మ కాడ పెట్టిన. జాగ చుట్టూ ఇటుకలు కూడ పేర్చిన, చూడు. మీరెప్పుడొస్తరా అని పొద్దటి సంది చూస్తున్నం."

ఆంటీ కొంగుతో సిలువ మీది అక్షరాలు తుడిచారు. ఏడుస్తూనే నవ్వారు. పెద్దాయన సిలువ పాతిపెట్టాడు. గాలికి మా కొవ్వొత్తులు ఆరిపోతుంటే, ఆయన భార్య తన కొవ్వొత్తితో మళ్ళీ మళ్ళీ వెలిగించింది.

చీకటి పడుతుండగా ఇల్లు చేరాం. అమ్మ గేటు దగ్గరే నిలబడి ఉంది. స్నానం చేస్తేగానీ లోపలికి రానివ్వదనుకున్నాను.

"దొరికిందా వదినా?" అంది ముందు.

"దొరికిండు," అన్నారు ఆంటీ.

అమ్మ హమ్మయ్య అని ఆవిడ చెయ్యి పట్టుకుని మేడ మీదికి తీసుకెళ్ళింది. ఎప్పుడూ మా ఇంట్లో మొహమాటంగా తినే ఆంటీ ఆ పూట పప్పుచారు అడిగి మరీ వేయించుకున్నారు.