పట్టీలు విప్పిన మరిది

మా మరిది, అంటే మా చెల్లెలి మొగుడు, లారీలకు కమాన్ పట్టీలు వేసేవాడు. బండి బరువంతా మోసే ఇనప బద్దలవి, ఒకదాని మీద ఒకటి పేర్చి బిగిస్తారు. అందరూ ఆయన్ని పట్టీలాయన అనే అంటారు. పెళ్ళయిన కొత్తలో మా చెల్లెలు ఆయన మొహం కన్నా కాళ్ళే ఎక్కువ చూసింది. మిగతా మనిషంతా ఎప్పుడూ ఏదో ఒక బండి కిందే ఉండేవాడు.

అలాంటివాడు షాపు అల్లుడికి అప్పజెప్పి, ఇక పెళ్ళాన్ని ఊళ్ళు తిప్పుతానన్నాడు. ఇన్నేళ్ళలో ఆవిడకిచ్చిన మాట అదొక్కటే. జీపు వెనక తగిలించుకుపోయే చిన్న చక్రాల గది తనే కట్టాడు. ఒక మంచం, ఒక స్టవ్వు, గిన్నెలకు ఒక అర. చూడ్డానికి ముచ్చటగానే ఉంది. తీరా బయల్దేరినవాళ్ళు సగం దారిలోంచే తిరిగొచ్చారు. అర తలుపు ఊడింది, గాజు సామానంతా పిండయింది. జీపులో కూర్చున్నా మా చెల్లెలికి నడుం పట్టేసింది. గతుకొచ్చినప్పుడల్లా వెనకనుంచి ఎవరో మెడ పట్టి తోసినట్టుందట.

మరిది వెంటనే ఇంకో రెండు పట్టీలు బిగించాడు. ఆయనకు తెలిసిన మందు అదే మరి. రెండోసారి మంచమే విరిగింది.

అప్పుడు మా చెల్లెలు తేల్చి చెప్పేసింది. "ఇంకొక్కసారే వస్తా. అరలో గుడ్లు పెడతా. అవి పగిలాయా, ఈ డబ్బా మన షాపు ఎదురు టీకొట్టాయనకి ఇచ్చెయ్. నేనింక గడప దాటను."

టీకొట్టాయన అప్పటికే టేపు పట్టుకుని దాని చుట్టూ తిరుగుతున్నాడు, కొత్త కొట్టుకి కిటికీ ఎక్కడ కొయ్యాలా అని.

మరిది మొహం మాడిపోయింది. చూడలేక నేనే కదిపాను.

"ఏమయ్యా, నువ్వు పట్టీలేసిన బండి వెనక ఎప్పుడైనా ఎక్కి కూర్చున్నావా?"

"లేదొదినా. అందులో ఇసకుంటుంది, ఇటుకలుంటాయి."

"ఇసక నడుం నొప్పని చెప్పదుగా."

ఆ మాటకి నవ్వలేదు. ఆయన నవ్వలేదంటే బుర్రలో పురుగు తొలుస్తోందని లెక్క. మర్నాడు ఒక సుద్దముక్క తీగతో ఇరుసుకి కట్టాడు, దాని పక్కనే గదికి ఒక నల్లచెక్క బిగించాడు. పట్టీలు ఎంత వంగితే సుద్ద చెక్కమీద అంత గీత గీస్తుందన్నమాట. పెళ్ళాన్ని జీపు తోలమని, తను గదిలో నేలమీద వెల్లకిలా పడుకున్నాడు. షాపు వెనక సందులో మా చెల్లెలు ఒక్క గతుకూ వదల్లేదు. కోపం ఎక్కడో ఒకచోట చూపించుకోవాలి కదా.

సందు చివర నెత్తిమీద బొప్పితో దిగాడు. ఒక చెప్పు స్టవ్వు మీదుంది. అదేం పట్టించుకోకుండా చెక్క దగ్గరికి పోయి వంగాడు. గీత గోరంత కూడా లేదు.

"పట్టీలు వంగనే లేదొదినా," అన్నాడు మెల్లిగా. "గదంతా కలిసి బంతిలా ఎగిరింది."

కొండంత ఇసక మోసే లారీకి వేసినట్టే ఈ గదికీ వేశాడు. పైన ఏదో ఉందని కూడా ఆ పట్టీలకు తెలిసినట్టు లేదు.

ఇక విప్పడం మొదలైంది. వెయ్యడమే తప్ప తియ్యడం ఎరగని మనిషి, మొదటి పట్టీ తీస్తూ పన్ను పీకించుకుంటున్నట్టు మొహం పెట్టాడు. ఒకటి తియ్యడం, సందులో తిప్పించడం, గీత చూడ్డం. గోరంత కూడా లేని గీత వేలంతయింది. ఆశపడి ఇంకోటి తీస్తే గది కుంగి చక్రానికి రాసుకుంది. దాన్ని మళ్ళీ పెట్టాడు. టైర్లలో గాలి కాస్త తగ్గించాడు. ఎగరడం మానింది గానీ, ఒక గతుకు దాటితే ఉయ్యాలలా ఊగుతూనే ఉంది. దానికి పాత కారు షాకబ్జార్బర్లు తెచ్చి ఇరుసుకీ గదికీ మధ్య బిగించాడు. నేనూ నా మోకాళ్ళను తిట్టుకుంటూ వంగి చూశాను. చక్రం గుంతలో దిగి లేస్తోంది, పైన గది తనకేం సంబంధం లేనట్టు పోతోంది.

గుడ్లు గిన్నెలో సర్ది ఇచ్చింది నేనే. ఒక్కోటీ వెలుతురుకి పట్టి చూసి మరీ పెట్టాను. ఊరి బయట రాళ్ళ క్వారీ దాకా పోయొచ్చారు. టీకొట్టాయన కొట్టు వదిలేసి వచ్చి నిలబడ్డాడు. మా చెల్లెలు లోపలికెక్కి గిన్నె దించింది, వెనకే నేనూ ఎక్కాను. అన్నీ దివ్యంగా ఉన్నాయి, ఒక్కదాని మీద మాత్రం వెంట్రుకంత బీట. తను చూసింది, నేనూ చూశాను.

బయట మరిది శుభ్రంగా ఉన్న చేతుల్నే గుడ్డతో తుడుచుకుంటున్నాడు.

"ఏమైంది?"

"ఏమవుతుంది? బాగానే ఉన్నాయి," అంది మా చెల్లెలు. "ఒకటి మాత్రం అక్క పెట్టేటప్పుడే చిట్లగొట్టింది."

ఇంత నోరున్నదాన్ని, ఆ నింద నెత్తినేసుకుని కిందికి దిగాను.

టీకొట్టాయన టేపు చుట్టి జేబులో వేసుకున్నాడు. మా చెల్లెలు ఆ చిట్లిన గుడ్డు ఆ స్టవ్వు మీదే వేయించి, మొగుడికి పెట్టి, తన దిండు తెచ్చుకోవడానికి ఇంట్లోకి పోయింది.