యూరియాలో కరగని గడ్డ

పావగడ బస్టాండు వెనక సందులో ఒక రక్తపరీక్షల గది ఉండేది. కరువు వార్తల కోసం ఊళ్లు తిరిగి వచ్చి, బస్సుకు టైమయ్యేదాకా నేను అక్కడ కూర్చునేవాణ్ని. నడిపే ఆయన పెద్దగా మాట్లాడడు. గదిలో ఫ్యాను ఉండేది.

ఒక ఉదయం నిడుగల్లు నుంచి ఒక అవ్వ మనవరాలిని గుడ్డలో చుట్టుకుని వచ్చింది. వెంట అల్లుడు, ఆమెకు సొంత తమ్ముడే. బిడ్డ పుట్టి ఎనిమిది రోజులు. బొడ్డు ఊడిన చోట రక్తం ఆగడం లేదు. ముందు పుట్టిన ఇద్దరూ ఇలాగే పోయారట. ఇద్దరికీ రక్తం గడ్డకట్టే పరీక్ష చేయిస్తే అంతా బాగుందనే వచ్చిందట.

"గడ్డ కడతాది. కట్టింది నిలవదేమో" అన్నాడు గది నడిపే ఆయన.

గడ్డను బిగించి పట్టే పదార్థం రక్తంలో పుట్టుకతోనే లేకపోతే, ఆ గడ్డ యూరియా నీళ్లలో కరిగిపోతుంది. చాలా అరుదైన జబ్బు. నమూనాను బెంగళూరుకు పంపితే జవాబుకు వారాలు పట్టేది. ఆ రోజుల్లో ఆయన ఆ పరీక్షను తన గదిలోనే కుదుర్చుకుంటున్నాడు. ఒక రోజంతా వదిలేసి చూడకుండా, ఆరోగ్యంగా ఉన్నవాళ్ల గడ్డను పక్కన పెట్టుకుని అరగంటకోసారి పోల్చి చూసేవాడు.

యూరియా మాట వినగానే అవ్వ లేచి నిలబడింది. వాళ్లు గొర్రెలవాళ్లు. పొలానికి తెచ్చిన యూరియాను మందకు అందకుండా దూలానికి కట్టే ఇల్లు వాళ్లది.

"ఏందప్పా, గొర్రె నాకితే గడియలో చస్తాది. దాన్ని బిడ్డకు పోస్తావా?"

"బిడ్డకు కాదవ్వా, గాజు గొట్టంలోకి."

"కూచో అక్కా" అన్నాడు అల్లుడు.

"నువ్వుండు. పిల్లనిస్తిని కాబట్టి అల్లుడివి, లేకుంటే నా ఎనకాల ముక్కు చీదుకుంటా తిరిగినోడివి." ఆయన వైపు తిరిగి చెయ్యి చాపింది. "ముందు నాది తీయి. నాది ఏమైతాదో చూసి బిడ్డను ముట్టు."

"పక్కన పెట్టేకి నాకూ ఒకరిది కావల్ల" అన్నాడాయన.

ఆమెది తీసి, గడ్డ కట్టించి, యూరియా నీళ్లలో వేశాడు. ఆమె చూపు గొట్టం మీదనే ఉంది. అరగంటయ్యాక బిడ్డను తనే అందించింది. చేత్తో తిప్పే యంత్రంలో బిడ్డ రక్తం తేరి పైకి పసుపు నీరు వచ్చింది. అందులో మందు చుక్క పడగానే బిడ్డదీ తెల్లగా, గంజి పేరుకున్నట్టు గడ్డ కట్టింది. రెండింటికీ తేడా లేదు. రెండూ యూరియా నీళ్లలో పక్కపక్కనే నిలబడ్డాయి.

మధ్యాహ్నానికి బిడ్డ గడ్డ అంచులు పలచబడ్డాయి. ఇంకాసేపటికి గొట్టంలో ఒట్టి నీళ్లే. ఇన్నేళ్లలో ఎండిన చెరువులెన్నో చూశాను. ఒక బిడ్డ ప్రాణాన్ని పట్టి ఉంచాల్సింది కళ్లముందు అలా మాయమవడం మాత్రం అదే మొదలు.

అవ్వ గొట్టాన్ని కిటికీ వెలుతురుకు ఎత్తింది. "యాడికి పాయప్పా?" అంది మెల్లగా.

ఆయన చీటీ రాసిచ్చాడు. సాయంత్రం బస్సుకే తుమకూరు పోయారు. అక్కడి డాక్టర్లు ఇంకొక మనిషి రక్తంలోని పసుపు నీటిని బిడ్డకు ఎక్కించారు. మూడో రోజుకు బొడ్డు ఆరింది. ఒకసారి ఎక్కిస్తే వారాలు పనిచేస్తుందని, మళ్లీ మళ్లీ రావాలని చెప్పి పంపారు.

తిరిగొస్తూ అవ్వ గదికి వచ్చింది. బిడ్డ నిద్రపోతోంది. తన గొట్టం చూపించమంది. అలమరలో అది అలాగే ఉంది, గడ్డ చెక్కుచెదరలేదు. చాలాసేపు చూసింది.

"దీంట్లో రవ్వంత బిడ్డకు ఇచ్చేకి కాదా?"

"ఇప్పుడు ఎక్కించింది అదే కదవ్వా" అన్నాడాయన. "నీది కాదు, ఎవురిదో."

"ఎవురిదో" అని ఆమె బిడ్డ పొట్టమీద చెయ్యి పెట్టి అలాగే కూర్చుంది.