చేతిసంచుల చప్పుడు

దక్షిణాఫ్రికాలోని ఎస్ట్‌కోర్ట్‌ ఊళ్లో బట్టలు కుట్టే ముత్యం ఆంటీ ప్రార్థనకు లేచే ముందు చెప్పులు విడిచి, వేళ్లకంటిన సుద్దపొడిని గౌనుకు తుడుచుకునేది. హిందువుల ఇంట పుట్టి క్రీస్తును నమ్ముకున్న మనిషి. చెప్పులతో దేవుడి ముందు నిలబడడం మాత్రం ఆమె వల్ల కాలేదు. తొంభై నాలుగు ఎన్నికలకు ముందు, పార్టీల గొడవల్లో చుట్టుపక్కల ఇళ్లు తగలబడుతున్న రోజుల్లో, శుక్రవారం ఉపవాస కూటంలో "మా గుమ్మాలకు కాపలా ఉండు తండ్రీ" అంటుంటే ఆమెతో పాటు హాలంతా ఏడ్చేది. ఎన్నికలు గడిచాయి. వాళ్ల వీధి సద్దుమణిగింది. ఆంటీ ప్రార్థనలో మాత్రం ఒక్క మాటా మారలేదు. గుమ్మాల మాట రాగానే ఆమెన్ దగ్గరపడిందని ఆడవాళ్లు చేతిసంచులు అందుకునేవారు.

ఒక శుక్రవారం ఆ మాట దగ్గరే సంచుల గొలుసులు గలగలమన్నాయి. ఎవరో తట్టి లేపినట్టు ఆంటీ కళ్లు తెరిచి ఆగిపోయింది.

"ఏం ఆంటీ, ఒంట్లో బాగాలేదా?" అన్నాడు పాస్టర్.

"ఒళ్లు బాగానే ఉండాది, పాస్టర్. నోరు ప్రేయర్ చేస్తా ఉండాది, నేనేమో ఇంట్లో బీన్స్ కుండ కాడ ఉండాను. శానా వారాలుగా ఇంతే. సారీ, మళ్లీ మొదలెడతా."

ఊరంతా భక్తురాలని మెచ్చుకునే మనిషికి సిగ్గుతో చెవులు వేడెక్కాయి. అయినా కూర్చోలేదు. "తండ్రీ" అంది. మాట దొరక్క, నిన్న మొన్న నమ్ముకున్నదానిలా తడుముకుని, మళ్లీ "తండ్రీ" అంది. ఆమెన్ ఎప్పుడొస్తుందో ఆ రోజు ఎవరికీ తెలియలేదు. అందుకున్న సంచులు ఒక్కొక్కటే చప్పుడు లేకుండా నేలకు దిగాయి.